సిట్‌కామ్: తెగేదాకా లాగాలా, ముందే ఆపాలా?

ఆఫీసు మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడిచే అమెరికన్ సిట్‌కామ్ 'ది ఆఫీస్'లో కెవిన్ అని ఒక అకౌంటెంట్ ఉంటాడు. భారీ మనిషి, నిద్రలోంచి లేచి మాట్లాడుతున్నట్టుండే గొంతు. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఆఫీసు వాళ్లంతా గోడౌన్‌లో ఓ రాత్రి పేకాట పెట్టుకుంటారు. అప్పుడు కెవిన్ కెమెరా ముందు కూర్చుని, 2002లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో తానొక టోర్నమెంట్ గెలిచానని మామూలు విషయంలా చెప్పేస్తాడు. చూసేవాడికి నవ్వుతో పాటు చిన్న ఆశ్చర్యం. ఇన్నాళ్లూ మూల కుర్చీలో కూర్చున్న ఈ మనిషి గురించి మనకు తెలియంది ఇంకా చాలా ఉందన్నమాట.

ఎనిమిదో సీజన్‌కి వచ్చేసరికి అదే కెవిన్, టైమ్ కలిసొస్తుందని వాక్యంలో సగం మాటలు మింగేసి పొడి పొడి ముక్కలతో మాట్లాడుతుంటాడు. చివరి ఎపిసోడ్‌లో ఇంకో సంగతి బయటపడుతుంది. లెక్క తేడా వచ్చినప్పుడల్లా సరిపెట్టడానికి లోకంలో లేని ఒక అంకెను సొంతంగా పుట్టించి వాడుకుంటున్నాడట. ఈ సీన్లు కూడా నవ్విస్తాయి, కాదనలేం. కానీ పోకర్ టేబుల్ దగ్గర కనిపించిన మనిషి ఇక్కడ లేడు. అతని స్థానంలో ఒక జోక్ మాత్రమే మిగిలింది.

ఎవరూ కావాలని చేసిన పని కాదిది. కెవిన్ మొద్దుతనం మీద రాసిన జోక్ ఒకసారి పేలింది. తర్వాతి వారం దాన్నే ఇంకొంచెం పెద్దది చేసి రాశారు. 201 ఎపిసోడ్లలో ఆ 'ఇంకొంచెం' ఎన్నిసార్లు జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. అభిమానులు దీనికి 'ఫ్లాండరైజేషన్' అని పేరు పెట్టారు. 'ది సింప్సన్స్'లో నెడ్ ఫ్లాండర్స్ మొదట్లో దైవభక్తి ఉన్న మంచి పొరుగింటాయన. పోనుపోను ఆ భక్తి ఒక్కటే మిగిలి, మనిషి పక్కకు పోయాడు. ఆ పేరు అలా వచ్చింది.

బాగా నడుస్తున్న సిట్‌కామ్‌ని ముందే ఆపేయాలా, ఇంకా నడపాలా అన్న వాదన ఎప్పుడు వచ్చినా 'ముందే ఆపాలి' అనేవాళ్లు కెవిన్ లాంటి ఉదాహరణలే చూపిస్తారు. నడపాలనేవాళ్లు రేటింగులు చూపిస్తారు. రెండు వైపులా సీజన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు గానీ, అసలు చూడాల్సింది సీజన్ల సంఖ్య కాదు. ఆ షోకి పునాదిగా వేసుకున్న చిక్కుముడి ఇంకా బిగుసుకునే ఉందా, విడిపోయిందా అన్నది చూడాలి.

సిట్‌కామ్ అంటేనే సిట్యుయేషన్ కామెడీ. ఒక పరిస్థితి, అందులో ఇరుక్కున్న కొంతమంది మనుషులు. వాళ్లకు ఏదో కావాలి, అది దొరకదు. లేదా పక్కవాడితో పడదు, అయినా ఆ చోటు వదిలి వెళ్లలేరు. ప్రతి వారం నవ్వు పుట్టేది ఆ ఇరుకులోంచే. ఎపిసోడ్ చివరికి చిన్న సమస్య తీరుతుంది, పెద్ద ముడి మాత్రం అలాగే ఉంటుంది. పెద్ద ముడి విప్పేశాక కూడా షో నడిపితే, ఎంత గొప్ప రచయితలున్నా బండి ముందుకు కదలదు.

దీనికి 'రోజాన్' కన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 1988లో మొదలైన ఆ షో ఓ శ్రామిక కుటుంబం కథ. నెలాఖరుకి డబ్బు చాలదు, బిల్లులు ఆగవు, ఉన్న ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ టెన్షన్ మధ్యే భార్యాభర్తలు, పిల్లలు ఒకరినొకరు దెప్పుకుంటూ, నవ్వుకుంటూ బతుకుతారు. డబ్బు చాలకపోవడమే ఆ షోకి ముడి. అలాంటిది తొమ్మిదో సీజన్‌లో ఆ కుటుంబానికి 10 కోట్ల డాలర్లకు పైగా లాటరీ తగిలింది. ఒక్క దెబ్బతో ఇంట్లో కష్టం పోయింది, కష్టంతో పాటు కామెడీ కూడా పోయింది. చివరికి రచయితలు ఆ లాటరీ అంతా రోజాన్ రాసుకున్న కల్పన అనీ, నిజానికి ఆమె భర్త చనిపోయాడనీ చెప్పి 1997లో షో ముగించారు. 2018లో షోని మళ్లీ తెచ్చినప్పుడు ఆ చావునూ లాటరీనీ రెండింటినీ పక్కన పెట్టి, భర్తను బతికించి, కుటుంబాన్ని మళ్లీ ఆ పాత ఇరుకు ఇంట్లోనే కూర్చోబెట్టాల్సి వచ్చింది.

'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో ఈ ముడి కంటికి కనిపించే వస్తువుగానే ఉంటుంది. షెల్డన్, లెనార్డ్ ఉండే బిల్డింగులో లిఫ్ట్ పాడై ఉంటుంది. మొదటి ఎపిసోడ్ నుంచీ అంతే. అందుకని ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా మెట్లెక్కాలి, దిగాలి. ఆ షోలో ఎన్నో మంచి సంభాషణలు ఆ మెట్ల మీదే జరిగాయి. లిఫ్ట్ బాగుంటే ఆ మాటలకు చోటే లేదు. 12 సీజన్లు, 279 ఎపిసోడ్ల తర్వాత 2019 మే నెలలో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో లిఫ్ట్ తలుపు తెరుచుకుని పెన్నీ బయటికి నడిచొస్తుంది. అదే ఎపిసోడ్‌లో షెల్డన్ నోబెల్ అందుకుంటాడు. కావాల్సింది దొరికింది, లిఫ్ట్ పని చేసింది. ఇక మెట్ల మీద మాట్లాడుకునే పని లేదు, షో అక్కడ ఆగింది. ఆ షో మీద ఎన్ని అభ్యంతరాలున్నా, ఆగిన చోటు మాత్రం సరైనది. ఆగడానికి అసలు కారణం షెల్డన్ పాత్రధారి జిమ్ పార్సన్స్ ఇక చాలనుకోవడమే. అయినా ఆ విషయం ముందే తెలియడంతో చివరి సీజన్‌ని ముగింపు కోసమే రాసుకునే వీలు రచయితలకు దొరికింది.

ఇంత తేలికైన సంగతైతే షోలు అన్నేళ్లు ఎందుకు సాగుతాయి? జవాబులో పెద్ద వాటా డబ్బుది. అమెరికన్ టీవీలో చాలాకాలం నడిచిన పద్ధతి ప్రకారం, మొదటిసారి ప్రసారమైనప్పుడు వచ్చే డబ్బుతో నిర్మాతకు ఖర్చులు కూడా వచ్చేవి కావు. అసలు లాభం తర్వాత, పాత ఎపిసోడ్లను స్థానిక ఛానెళ్లకు అమ్ముకున్నప్పుడు. ఆ ఛానెళ్లు వారానికి ఐదు రోజులు రోజుకొకటి చొప్పున వేసుకుంటాయి. అలా వేయాలంటే చేతిలో దాదాపు 100 ఎపిసోడ్లు ఉండాలి. సీజన్‌కి 22 నుంచి 24 ఎపిసోడ్ల లెక్కన అది నాలుగైదేళ్ల పని. అందుకే నాలుగో సీజన్‌లో నీరసించిన షోని కూడా 100 దాటేదాకా ఎలాగోలా నెట్టుకొచ్చేవారు. స్ట్రీమింగ్ వచ్చాక సీజన్ 8, 10 ఎపిసోడ్లకు కుదించుకుపోయింది గానీ, పొడుగాటి పాత షోల విలువ మాత్రం తగ్గలేదు. 'ది ఆఫీస్' హక్కులను ఐదేళ్లకు ఎన్‌బీసీ యూనివర్సల్ 50 కోట్ల డాలర్లకు తీసుకుందని 2019లో వార్తలొచ్చాయి. షో ముగిసిన ఆరేళ్లకు ఆ ధర పలికింది.

రెండో కారణం చట్టం. కాలిఫోర్నియాలో వ్యక్తిగత సేవల ఒప్పందం ఏ నటుణ్ణీ ఏడేళ్లకు మించి కట్టిపడేయలేదు. కాబట్టి ఆరో సీజన్, ఏడో సీజన్ దగ్గర ప్రతి పెద్ద షోకీ ఒక మలుపు తప్పదు. నటులు మళ్లీ బేరానికి కూర్చుంటారు, లేదా సెలవంటారు. 'ఫ్రెండ్స్' చివరి రెండు సీజన్లకు ఆరుగురు ప్రధాన నటులూ కలిసికట్టుగా బేరమాడి ఎపిసోడ్‌కి తలా 10 లక్షల డాలర్లు తీసుకున్నారు. 'ది ఆఫీస్'లో బాస్ మైకేల్ స్కాట్ పాత్ర వేసిన స్టీవ్ కరెల్ ఏడో సీజన్‌తో వెళ్లిపోయాడు. ఒకే షో గురించి ఆరో ఏట, ఏడో ఏట ఈ 'ఆపాలా వద్దా' చర్చ ఎక్కువగా రేగడానికి ప్రేక్షకుల విసుగు ఒక్కటే కారణం కాదు. ఆ ఒప్పందాల గడువు అక్కడే ఉంటుంది.

ఇక్కడ ముందే ఆపాలనేవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఇప్పుడు మనం గొప్పవనుకునే సిట్‌కామ్‌లలో చాలావాటి తొలి అడుగులు తడబడ్డవే. 'సైన్‌ఫెల్డ్' మొదటి సీజన్‌లో ఉన్నవి ఐదే ఎపిసోడ్లు. పైలట్ (తొలి నమూనా) ఎపిసోడ్‌ని ముందుగా చూపించి అభిప్రాయం అడిగితే ఎవరికీ పెద్దగా నచ్చలేదు. 1982లో 'చీర్స్' మొదలైనప్పుడు రేటింగ్ పట్టికలో దాదాపు అట్టడుగున ఉంది. అమెరికన్ 'ది ఆఫీస్' తొలి సీజన్ ఆరు ఎపిసోడ్లే, మొదటిదైతే బ్రిటిష్ షో పైలట్‌కి దాదాపు నకలు. రెండో సీజన్‌లో రచయితలు మైకేల్ స్కాట్‌లోని కర్కశాన్ని తగ్గించి, మనుషుల ప్రేమ కోసం తపించిపోయే అమాయకత్వాన్ని పైకి తెచ్చాకే ఆ షోకి సొంత గొంతు వచ్చింది. మూడో నాలుగో సీజన్‌కి గానీ నిలదొక్కుకోని షోని తొందరపడి ఆపేస్తే పోయేది రెండు బలహీనమైన సీజన్లు కాదు, ఇంకా రాయని మంచి సీజన్లన్నీ పోతాయి.

ఆలస్యంగా వచ్చిన మంచికి 'ఫ్రెండ్స్'ను మించిన సాక్ష్యం లేదు. 1998లో నాలుగో సీజన్ ముగింపు ఎపిసోడ్‌ని లండన్‌లో ప్రేక్షకుల ముందు తీశారు. ఆరుగురు స్నేహితుల్లో ఒకడైన రాస్ పెళ్లి కోసం ఫీబీ తప్ప మిగతావాళ్లంతా అక్కడికి వెళతారు. ఓ ఉదయం హోటల్ గదిలో చాండ్లర్ పక్కన దుప్పట్లోంచి మోనికా తల బయటికొస్తుంది. హాల్లో కూర్చున్న జనం కేకలు ఎంతకీ ఆగలేదు. రచయితలు దాన్ని పెద్ద ప్రేమకథ అనుకుని రాయలేదు. ఆ కేకలు విన్నాకే వాళ్లిద్దరినీ కలిపి ఉంచుదామనుకున్నారు. ఆ తర్వాతి ఆరేళ్ల షోకి వెన్నెముక ఆ జంటే. నాలుగో సీజన్‌లోనే 'చాలు, మంచి పేరుండగానే ఆపేద్దాం' అనుకుని ఉంటే చాండ్లర్, మోనికాల పెళ్లి లేదు, ఆ కాపురం లేదు. ఇంకో విషయం. ఆ షోకి ఉత్తమ కామెడీ సిరీస్‌గా అమెరికన్ టీవీలో పెద్ద అవార్డు ఎమ్మీ వచ్చింది ఒకే ఒక్కసారి, అదీ 2002లో, ఎనిమిదో సీజన్‌కి. అప్పటికే ఎంతమంది దాన్ని ముసలి షో అనేశారో.

అయితే అదే షోలో జోయి, రేచెల్‌ల మధ్య ప్రేమ పెట్టిన ముచ్చట కూడా చివరి సీజన్లదే. కలుస్తూ విడిపోతూ ఉండే రాస్, రేచెల్ జంట ముడిని ఇంకొన్నాళ్లు బిగించి ఉంచడానికి తప్ప ఆ ప్రేమ దేనికీ పనికిరాలేదు. ఆ నటులు కూడా ఇబ్బందిగానే చేసినట్టు కనిపిస్తుంది. చాండ్లర్, మోనికాల కథ ఆ పాత్రల్లోంచి సహజంగా పుట్టింది. జోయి, రేచెల్ కథను ఎపిసోడ్లు నింపడం కోసం బయటి నుంచి తెచ్చి అతికించారు. షో సాగుతోందా, సాగదీస్తున్నారా అని తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి కొలత కనిపించదు.

నటులు మారినప్పుడు కూడా ఇదే కొలత పనికొస్తుంది. కొరియా యుద్ధం జరిగింది మూడేళ్లే. ఆ యుద్ధంలోని ఒక సైనిక ఆసుపత్రి మీద తీసిన 'మాష్' 11 సీజన్లు నడిచింది. యుద్ధం కన్నా యుద్ధం మీద కామెడీ దాదాపు నాలుగు రెట్ల కాలం నడిచిందన్నమాట. మధ్యలో ముఖ్యులు చాలామంది వెళ్లిపోయారు. కానీ వెళ్లిన మనిషి అచ్చులోనే ఇంకొకరిని పోత పోసే తప్పు ఆ రచయితలు చేయలేదు. క్యాంపును నడపడం చేతకాని మెతక కల్నల్ బ్లేక్ చనిపోయాక, అన్నీ తెలిసిన పాత సైనికుడు పాటర్‌ని తెచ్చారు. కథానాయకుడైన సర్జన్ హాకై ఏడిపించి వదిలేసే తెలివితక్కువ ఫ్రాంక్ బర్న్స్ వెళ్లిపోయాక, హాకైతో సమానంగా తెలివీ చేయి తిరిగిన వైద్యమూ ఉన్న వించెస్టర్ వచ్చాడు. గొడవ అదే గానీ బలాబలాలు మారాయి. పాత ముడికి కొత్త తాడు దొరికింది. 1983 ఫిబ్రవరిలో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌ని 10 కోట్ల మందికి పైగా చూశారు.

స్టీవ్ కరెల్ వెళ్లాక 'ది ఆఫీస్'కి ఆ పని చేతకాలేదు. మైకేల్ స్కాట్ ఆ షోలో బాస్ మాత్రమే కాదు. ఆఫీసునే కుటుంబం అనుకునే మనిషి ఒకడు, దాన్ని ఉద్యోగం అనుకునే మనుషులు పదిహేను మంది. ముడి ఇది. ఏడో సీజన్‌లో అతనికి హాలీ దొరికింది, సొంత కుటుంబం ఖాయమైంది, ఎయిర్‌పోర్టులో మైక్ తీసిచ్చేసి వెళ్లిపోయాడు. ముడి అక్కడ చక్కగా విడిపోయింది. తర్వాత ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా తొమ్మిదో సీజన్‌లో జిమ్, పామ్‌ల కాపురంలో కొత్త ఉద్యోగం తెచ్చిన చిచ్చు వచ్చేదాకా కథకు పట్టు దొరకలేదు. ఆపడానికి సరైన చోటు ఏడో సీజన్ చివరే. చివరి ఎపిసోడ్ ఎంత కదిలించినా ఈ మాట మారదు.

తెలుగులో 'అమృతం' 2001 నుంచి 2007 దాకా 313 ఎపిసోడ్లు నడిచింది. అందులో అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో వేశారు. హీరో మారితే షో ఉంటుందా అనిపించాలి, కానీ ఉంది. ఎందుకంటే అక్కడ ముడి అమృతం ఒక్కడిలో లేదు. సొంతంగా ఏదో సాధించేయాలనే అమృతం, ఆ ఆలోచనలకు తలూపి ఇంకా పెద్ద చిక్కులో పడేసే ఆంజనేయులు, ఆ ఇద్దరి మధ్య ఉంది. గుండు హనుమంతరావు ఆంజనేయులుగా ఉన్నంతకాలం ఎదురుగా కూర్చున్న ముఖం మారినా ఆ జోడీ చెదరలేదు.

బ్రిటన్‌లో దారి వేరు. అక్కడ సిరీస్‌కి ఆరు ఎపిసోడ్లు, వాటిని రాసేది ఒకరో ఇద్దరో. అమెరికాలో అయితే పదిమందికి పైగా రచయితలు ఓ గదిలో కూర్చుని ఏడాది పొడవునా రాస్తారు. ఒకరిద్దరి బుర్రలోంచి వచ్చేదానికి సహజంగానే హద్దు ఉంటుంది. జాన్ క్లీజ్, కొన్నీ బూత్ కలిసి రాసిన 'ఫాల్టీ టవర్స్' మొత్తం 12 ఎపిసోడ్లు. 1975లో ఆరు, 1979లో ఆరు, అంతే. రికీ జర్వే, స్టీఫెన్ మర్చంట్‌ల 'ది ఆఫీస్' కూడా 12 ఎపిసోడ్లు, పైన రెండు భాగాల క్రిస్మస్ స్పెషల్. ముందే ఆపాలనేవాళ్లకు ఈ రెండూ ఇష్టమైన ఉదాహరణలు.

కానీ 'ఫాల్టీ టవర్స్'లో హోటల్ యజమాని బాసిల్ ఫాల్టీని ఒకసారి గమనించాలి. ప్రతి ఎపిసోడ్‌లో అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ, భార్య కంట పడకుండా పరుగులు తీస్తూ, చివరికి పిచ్చెక్కిపోయే స్థితికి చేరతాడు. తన కారు మొరాయిస్తే దాన్ని తిట్టి, హెచ్చరించి, చెట్టు కొమ్మ విరుచుకొచ్చి చితకబాదుతాడు. ఆ సీన్‌లో ఉన్న వేడి అరగంట పాటు భరించగలం. ఆ మనిషితో తొమ్మిదేళ్లు, 200 ఎపిసోడ్లు గడపడం కష్టం. అతన్ని మెత్తబరిస్తే అతను బాసిల్ కాదు, మెత్తబరచకపోతే చూసేవాడికి ఊపిరాడదు. కాబట్టి ఆ షో 12కి ఆగడం ఆ ముడి స్వభావంలోనే ఉంది. దాన్ని తెచ్చి 'చీర్స్'కి కొలబద్దగా పెట్టడం సరికాదు. 'చీర్స్' ఒక బార్. తలుపు తోసుకుని ఎవరైనా రావచ్చు, వెళ్లవచ్చు. కోచ్ పాత్రధారి నికొలస్ కొలసాంటో 1985లో చనిపోతే వుడీ వచ్చాడు, 1987లో డయాన్ వెళితే రెబెకా వచ్చింది. 11 సీజన్లు నడిచింది.

బ్రిటన్‌లోనే 'బ్లాక్ యాడర్' మూడో దారి ఒకటి చూపించింది. 1983 నుంచి 1989 దాకా నాలుగు సిరీస్‌లు, ఒక్కో సిరీస్ ఒక్కో శతాబ్దంలో. ప్రతిసారీ వంశంలో కొత్త తరం, కొత్త రాజ్యం, అదే కుతంత్రం. ముడి పాతబడకముందే పరిస్థితి మొత్తాన్ని మార్చేశారు. ఆఖరి సిరీస్ మొదటి ప్రపంచ యుద్ధ కందకాల్లో జరుగుతుంది, చివర్లో అందరూ తుపాకీ గుళ్లకు ఎదురు పరిగెడతారు. ఇంత ధైర్యం చేసిన సిట్‌కామ్‌లు చాలా తక్కువ.

షో ఎక్కడ ఆపాలన్నది సగం ప్రశ్న. ఆ సంగతి రచయితలకు ముందుగా తెలుస్తుందా లేదా అన్నది మిగతా సగం, ఒక్కోసారి ఇదే ముఖ్యం. 'షిట్స్ క్రీక్' ఆరో సీజన్‌తో ముగుస్తుందని 2019 మార్చిలోనే ప్రకటించారు. డబ్బు పోగొట్టుకుని చిన్న ఊళ్లో మోటెల్ గదుల్లో ఇరుక్కున్న కుటుంబం, ఆ ఊళ్లోనే మనుషులుగా మారడం ఆ కథ. మారిపోయాక ఇంకా ఆ గదుల్లో ఉంచితే అబద్ధమవుతుంది. చివరి సీజన్ ఒక్కో పాత్రనూ ఒక్కో గుమ్మం దాటిస్తూ సాగింది. 2020 ఎమ్మీల్లో కామెడీ విభాగంలోని ఏడు ప్రధాన అవార్డులూ ఆ సీజన్‌కే వచ్చాయి.

దీనికి పూర్తిగా తలకిందుల కథ 'స్క్రబ్స్'ది. ఎనిమిదో సీజన్ ముగింపులో కథానాయకుడైన డాక్టర్ జేడీ ఉద్యోగం వదిలి ఆసుపత్రి వరండాలో చివరిసారి నడుస్తాడు. ఎనిమిదేళ్లలో అతనికి తారసపడ్డ రోగులు, సహోద్యోగులు, చనిపోయినవాళ్లు సహా, రెండు వైపులా నిలబడి ఉంటారు. బయట వేలాడదీసిన తెల్లటి గుడ్డ మీద అతని రేపటి జీవితం సినిమాలా ఆడుతుంది. పెళ్లి, పిల్లలు, పండగలు. చూసినవాళ్లకు గొంతు పట్టేసే సీన్ అది. 2009 మేలో ఇది ప్రసారమైంది. డిసెంబర్ వచ్చేసరికి అదే పేరుతో తొమ్మిదో సీజన్ దిగింది. చోటు మెడికల్ కాలేజీ, ముఖాలు ఎక్కువగా కొత్తవి, జేడీ కొద్ది ఎపిసోడ్లే. సృష్టికర్త బిల్ లారెన్స్ దాన్ని వేరే షోగానే చూడమన్నాడు గానీ పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. 13 ఎపిసోడ్లతో ఆగిపోయింది. 'ఫ్రేజర్' లాగా కొత్త పేరు, కొత్త ఊరు పెట్టుకుని వచ్చి ఉంటే జనం దాన్ని దాని లెక్కలో చూసేవారేమో. 'చీర్స్'లోని ఒక పాత్రతో, అది ముగిసిన కొద్ది నెలలకే, 1993లోనే మొదలైన 'ఫ్రేజర్' కూడా 11 సీజన్లు నడిచింది. ఒక లోకాన్ని వదలబుద్ధి కానప్పుడు అది గౌరవమైన దారి.

ముగింపు ముందే తెలియడం మేలే, కానీ ముందే తీసి దాచుకోవడం ప్రమాదం. 'హౌ ఐ మెట్ యువర్ మదర్'లో టెడ్ తన ఇద్దరు పిల్లలకు వాళ్ల అమ్మను ఎలా కలిశానో చెబుతుంటాడు. పిల్లలు సోఫాలో కూర్చుని వింటుంటారు. ఆ పిల్లలు పెరిగి పెద్దయిపోతారని, వాళ్ల చివరి సీన్‌ని షో తొలి రోజుల్లోనే, 2006 ప్రాంతంలో తీసి పెట్టుకున్నారు. అమ్మ చనిపోయింది, మీరు ఇంకా మీ పాత ప్రియురాలు రాబిన్‌ని ప్రేమిస్తున్నారు, వెళ్లండి నాన్నా అని పిల్లలు పంపిస్తారు. రెండు మూడు సీజన్లకు ఆగి ఉంటే ఆ ముగింపు చక్కగా అతికేది. కానీ షో తొమ్మిది సీజన్లు నడిచింది. ఈలోగా రాబిన్, టెడ్ స్నేహితుడు బార్నీ ప్రేమలో పడ్డారు. టెడ్ రాబిన్‌ని మనసులోంచి వదిలేసుకున్నాడు. చివరి సీజన్ దాదాపు మొత్తం రాబిన్, బార్నీల పెళ్లి జరిగే ఒక్క వారాంతంలోనే నడిచింది. తల్లి పాత్రలో వచ్చిన క్రిస్టిన్ మిలియొటి కొద్ది ఎపిసోడ్లలోనే అందరి మనసూ దోచుకుంది. ఇన్ని జరిగాక, సీజనంతా చేసిన పెళ్లికి నిమిషాల్లో విడాకులిప్పించి, తల్లిని చంపేసి, ఎనిమిదేళ్ల కిందటి రీలుని తెచ్చి అతికించారు. 2014 మార్చిలో అభిమానులకు వచ్చిన కోపం విషాదాంతం మీద కాదు. కథ నడిచిన దూరాన్ని లెక్కచేయలేదన్న కోపం అది. డీవీడీలో ఇంకో ముగింపు కూడా ఇవ్వాల్సి వచ్చింది.

రోజూ వచ్చే కామెడీలకు ఈ కొలతలన్నీ సరిపోవనే చెప్పాలి. 'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' 2008 జులైలో మొదలై 4,000 ఎపిసోడ్లు దాటింది. అన్నేళ్లుగా దాన్ని చూస్తున్నవాళ్లు కథ కోసం చూడరు. గోకుల్‌ధామ్ సొసైటీలో ఆ ముఖాలు కనిపిస్తే ఇంట్లో మనుషులున్నట్టు ఉంటుంది. ఒంటరిగా తినేవాళ్లకు, ఆసుపత్రిలో తోడుగా కూర్చున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఇలాంటి షోని 'నాణ్యత తగ్గింది, ఆపేయండి' అనడం తేలిక. ఆ తోడు పోగొట్టుకునేవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి. అయినా ఆ ప్రేమనే ఎరగా వాడుకోవడం తప్పు. దయ పాత్ర వేసిన దిశా వకానీ 2017 నుంచి షోకి దూరమైంది. ఆమె వస్తుంది, వచ్చేస్తోంది అంటూ ఏళ్ల తరబడి కథలో ఆశ పెట్టి, ఆఖరి నిమిషంలో ఏదో సాకుతో ఆపేస్తే నవ్వుకోవడానికి కూర్చున్న మనిషికి మిగిలేది అవమానమే. ఆమె రాదని కథలో ఒప్పుకుని, దయ భర్త జేఠాలాల్ ఒంటరితనాన్నే కొత్త ముడిగా చేసుకుని ఉంటే షోకి ప్రాణం లేచి వచ్చేది.

మంచి పేరుండగానే ఆపడానికి 'సైన్‌ఫెల్డ్'ని చూపిస్తారు. పదో సీజన్‌కి ఎపిసోడ్‌కి 50 లక్షల డాలర్లు ఇస్తామన్నా జెర్రీ సైన్‌ఫెల్డ్ వద్దన్నాడని అప్పట్లో వార్తలొచ్చాయి. అప్పుడు ఆ షో అమెరికా రేటింగుల్లో మొదటి స్థానంలో ఉంది. 1998 మేలో ఆఖరి ఎపిసోడ్‌ని దాదాపు 7 కోట్ల 60 లక్షల మంది చూశారు. అది గొప్ప నిర్ణయమే. కానీ ఆ షోలో పాత్రలు ఎప్పటికీ మారవు, ఏమీ నేర్చుకోవు, కౌగిలించుకోవు. అది జెర్రీతో కలిసి షోని సృష్టించిన లారీ డేవిడ్ మొదట్నుంచీ పెట్టుకున్న నియమం. అంటే ఆ ముడి ఎప్పటికీ విడిపోయేది కాదు. దాన్ని రాసే చేతులు అలిసిపోవడమే అసలు హద్దు. లారీ డేవిడ్ ఏడో సీజన్ తర్వాత వెళ్లిపోయాడు, జెర్రీ ఇంకో రెండేళ్లు ఆ బరువు మోసి దించేశాడు. మనుషులు మారే షోలకు ఇది వర్తించదు.

'చీర్స్' అలాంటి షో కాదు. ఆ బార్ నడిపే శామ్ మెలోన్ మద్యానికి బానిసై బేస్‌బాల్ పోగొట్టుకున్న మనిషి, డయాన్‌తో ప్రేమ కూడా నిలబెట్టుకోలేకపోయాడు. అతనికి ఏది కావాలో అతనికే తెలియదు. శామ్ పాత్రధారి టెడ్ డాన్సన్ ఇక చేయనన్నాక, 1993 మేలో ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. అందులో డయాన్ తిరిగొస్తుంది, ఇద్దరూ కలిసి వెళ్లిపోదామని విమానం ఎక్కుతారు, మనసు ఒప్పక శామ్ దిగి వచ్చేస్తాడు. స్నేహితులు కాసేపు కూర్చుని ఒక్కొక్కరే ఇళ్లకు వెళతారు. ఖాళీ బార్‌లో శామ్ ఒక్కడే మిగులుతాడు. గోడ మీద ఒరిగిన జెరోనిమో ఫోటోను సర్దుతాడు. ఆ ఫోటో చనిపోయిన కొలసాంటో మేకప్ గదిలోది. ఇంతలో ఎవరో తలుపు తడతారు. బార్ మూసేశామని చెప్పి, శామ్ లైట్లు ఆర్పిన గదిలోంచి నెమ్మదిగా వెనక వైపుకి నడుచుకుంటూ వెళ్లిపోతాడు.